నాటు వేసే ముందు నీటిమట్టం చూడండి

ఈ వారంలో ఒకరోజు పొద్దున్నే మీ ఊరి వాగు దగ్గరికి వెళ్లండి. వానలు వెనక్కి మళ్లి చాలా రోజులైంది. అయినా చప్టా కింద సన్నగా నీళ్లు పారుతున్నాయంటే అవి ఎక్కడివి? వానాకాలమంతా చేలూ గట్లూ గుట్టల వాలులూ తాగిన నీరే మెల్లగా ఊటై వాగులోకి దిగుతోంది. చలికాలంలో వాగు పారకమంటే మన కాళ్ల కింది నీరు బయటికి కనబడటమే. ఆ పారకం కార్తీకంలోనే సన్నబడి సంక్రాంతి రాకముందే తెగిపోతే, భూమిలో నీటిమట్టం వాగు అడుగు కంటే కిందికి జారిందని అర్థం. అప్పుడు ఊట రావడం మానేసి, వాగులో మిగిలిన నీరే భూమిలోకి ఇంకిపోతుంది. అక్కడినుంచి మీ బోరుకు దిగడమే తప్ప ఎక్కడం ఉండదు, మళ్లీ వానలు పడేదాకా.

ఇది వేసవిలో చెప్పాల్సిన మాటని చాలామంది అనుకుంటారు. వేసవిలో చెప్పి లాభం లేదు. తెలంగాణలో యాసంగి నార్లు పోసుకుంటున్న రోజులివి. డిసెంబరు రెండో పక్షం నుంచి జనవరి చివరిదాకా నాట్లు సాగుతాయి. నాటు పడిన రోజునుంచి ఆ మడికి దాదాపు నాలుగు నెలల నీరు బాకీ పడ్డట్టే. దుక్కి, నారు, కూలి, ఎరువు అన్నీ అయిపోయాక, మార్చిలో పైరు పొట్ట మీదున్నప్పుడు బోరు ఆగి ఆగి పోస్తే రైతు చేతిలో ఏముంటుంది? అప్పు తెచ్చి ఇంకో బోరు వేయడం, లేదా ఎండిన పైరులోకి పశువులను తోలడం. ఈ రెండూ మన కళ్లముందు జరిగినవే.

2023లో ఏం జరిగిందో గుర్తు చేసుకుందాం. ఆ ఏడాది ఆగస్టు, దేశం మొత్తం మీద 1901 తర్వాత ఎన్నడూ లేనంత పొడి ఆగస్టు. కృష్ణా జలాశయాలు నిండలేదు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద యాసంగికి నీళ్లు వదలలేదు. కాలువ ఆయకట్టులో ఉన్నవాళ్లూ, ఎప్పుడూ బోరునే నమ్ముకున్నవాళ్లూ కలిసి ఒకే భూగర్భజలం మీద పడ్డారు. 2024 మార్చి వచ్చేసరికి చాలాచోట్ల వరి నిలువునా ఎండింది. అదే నెలలో బెంగళూరులో 13,900 బోర్లుంటే 6,900 బోర్లు వట్టిపోయాయని కర్ణాటక ఉపముఖ్యమంత్రి ప్రకటించారు. ఆగస్టులో వాన తప్పింది, కష్టం మార్చిలో కనబడింది. మధ్యలో ఏడు నెలలున్నాయి. ఆ ఏడు నెలల నడుమ నవంబరు, డిసెంబరు నెలల్లో ఎవరైనా తాడు వదిలి బావి కొలిచి ఉంటే తెలిసేది, అంకె అప్పటికే సిద్ధంగా ఉంది. దాన్ని చూసి రైతుకు చెప్పే ఏర్పాటే లేదు.

మన నేల గురించి ఒక లెక్క చెప్పాలి. దీన్ని కాస్త ఓపికగా చదవమని రైతు సోదరులను, వాళ్ల పిల్లలను వేడుకుంటున్నాను. తెలంగాణలో, రాయలసీమలో ఎక్కువ భాగం కింద ఉన్నది గట్టి రాయి. డెల్టాలోలాగా లోతైన ఇసుక పొరలు ఇక్కడ లేవు. పైన కొన్ని మీటర్ల మట్టి, మొరం, ఆ కింద రాయిలో అక్కడక్కడా పగుళ్లు. నీళ్లు ఉండేది వీటిలోనే. ఈ మొరం పొరలో నూరు పాళ్లకు మనకు చేతికొచ్చే నీరు ఒకటి నుంచి మూడు పాళ్లే. రెండు పాళ్లు అనుకుందాం. ఒక ఎకరం కింద మీటరు మందం పొర మొత్తం తోడితే వచ్చే నీరు సుమారు 81 వేల లీటర్లు. యాసంగి వరికి పంటకాలమంతా కలిపి 1,200 మిల్లీమీటర్ల నీరు పెట్టామనుకుంటే, ఎకరానికి 48 లక్షల లీటర్లు దాటుతుంది. అంటే ఒక్క ఎకరం వరి అరవై ఎకరాల కింద మీటరు మట్టాన్ని లాగేస్తుంది. మడిలో పెట్టిన నీటిలో సగం మళ్లీ భూమిలోకే ఇంకుతుందని ఉదారంగా లెక్కేసినా, ముప్పై ఎకరాలు. మూడు వేల ఎకరాల ఊళ్లో బోర్ల కింద 500 ఎకరాలు నాటు పడితే, ఆ వరి ఒక్కటే ఊరంతటి మట్టాన్ని అయిదు మీటర్లు, అంటే పదహారు అడుగులకు పైగా దించుతుంది. తాగునీళ్లూ మిగతా పంటలూ దీనికి అదనం. వేరుశనగకు సుమారు 500 మిల్లీమీటర్లు చాలు. శనగకు అందులో సగంతో కూడా వెళ్లిపోతుంది.

ఇప్పుడు మీ బోరులో నీళ్లు ఎన్ని అడుగుల దగ్గరున్నాయో, మోటారు ఎన్ని అడుగుల్లో దించారో తెలిస్తే, మార్చి ఎలా ఉండబోతోందో ఈ రోజే చెప్పగలం. తెలియకపోతే ఎవరూ చెప్పలేరు.

కొలతలు అసలు లేవని కాదు. కేంద్ర భూగర్భజల మండలి ఏడాదికి నాలుగుసార్లు, జనవరిలోనూ వేసవిలోనూ ఆగస్టులోనూ నవంబరులోనూ, దేశమంతటా బావులు కొలుస్తుంది. రెండు తెలుగు రాష్ట్రాల భూగర్భజల శాఖలు నెలనెలా కొలుస్తాయి. పీజోమీటర్లనే పరిశీలన బోర్లు ఉన్నాయి. వాటిలో చాలావాటికి దానంతటదే మట్టాన్ని పంపే యంత్రాలు బిగించారు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ అంకెలు జలవనరుల సమాచార వ్యవస్థలో కంప్యూటర్ తెర మీద కనిపిస్తాయి. ఇంతా ఉండి, నారుమడి గట్టు మీద నిలబడిన మనిషికి ఆ అంకె చేరదు. పత్రికల్లో వచ్చేది జిల్లా సగటు. చెరువు నిండిన ఊరినీ, వాగు ఎండిన ఊరినీ కలిపి తీసిన సగటు ఎండిన ఊరివాళ్లకు ఏం పనికొస్తుంది? పైగా అది మీటర్లలో ఉంటుంది. మన రైతు లోతును అడుగుల్లోనూ, నీటిని ఇంచుల్లోనూ మాట్లాడతాడు. మీటరంటే దాదాపు మూడుంపావు అడుగులని పక్కన రాసి, పీజోమీటరు ఉన్న ఊరి పేరుతో, నిరుటి ఇదే నెల మట్టంతో పోల్చి పంచాయతీ బోర్డు మీద పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది? ఒక సుద్దముక్క.

ఇక వాగుల సంగతి. పెద్ద నదుల మీద కేంద్ర జల సంఘం కొలత కేంద్రాలున్నాయి. మున్నేరు మీద కీసర దగ్గర, తుంగభద్ర మీద బావాపురం దగ్గర రోజూ నీటిమట్టం చూస్తారు. ఊళ్ల మధ్య నుంచి పోయే వాగులూ వంకలకు అలాంటి కాపలా చాలా తక్కువ. చూసినా వరద రోజుల్లోనే చూస్తాం. చలికాలంలో సన్నగా పారే నీటిని ఎవరూ పట్టించుకోరు. భూమి గుట్టు చెప్పేది ఆ సన్నని పారకమే.

నీటిమట్టం కొలిచి పంట నిర్ణయించుకునే పనిని రైతులే చేసి చూపించారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో రెండు వేల దశకంలో రైతుల భాగస్వామ్యంతో భూగర్భజల నిర్వహణ పథకం నడిచింది. వానమాపకాలు ఊళ్లోనే పెట్టారు. ఆడవాళ్లూ మగవాళ్లూ కలిసి పదిహేను రోజులకోసారి బోర్లలో మట్టం కొలిచారు. రబీ విత్తనానికి ముందు ఊరంతా కూర్చుని, భూమిలో ఎంతుంది, ఎవరు ఏం వేద్దామనుకుంటున్నారు, దానికి ఎంత కావాలి అని గోడమీద లెక్క రాశారు. నీళ్లు చాలవని తేలిన చోట చాలామంది తమంతట తామే వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లారు. వాళ్ల మీద ఎవరూ నిషేధం పెట్టలేదు, ఎవరూ డబ్బు ఆశ చూపలేదు. తమ చేతులతో కొలిచిన అంకెను నమ్మారు, అంతే. ఆ పథకం ముగిసి చాలా ఏళ్లైంది. ఆ కొలత నేర్చినవాళ్లు ఇంకా ఆ ఊళ్లలోనే ఉన్నారు, వాళ్లను పిలిచి పక్క ఊళ్లకు నేర్పించమని అడగాలి.

కొలవడం ఎలాగో చెబుతాను. వాడని బోరు గానీ, పాడైన చేతిపంపు బోరు గానీ ఒకటి ఎంచుకోండి. నడుస్తున్న బోరులో తాడు వదిలితే పైపుకూ కేబులుకూ చుట్టుకుంటుంది. గట్టి నూలు తాడుకు చిన్న డబ్బా బోర్లా కట్టి, కాస్త బరువు తగిలించి వదలండి. నీళ్లను తాకగానే ‘టప్’మని వినిపిస్తుంది. కేసింగు అంచు దగ్గర తాడును పట్టుకుని గుర్తు పెట్టి, పైకి తీసి టేపుతో కొలవండి. కేసింగు నేలకంటే ఎంత ఎత్తుందో అంత తీసేయండి. తెల్లవారుజామున, చుట్టుపక్కల మోటార్లు ఆడకముందు కొలవాలి. మోటారు నడుస్తుంటే దాని చుట్టూ నీరు గుంటలా దిగుతుంది, అంకె తప్పొస్తుంది. ప్రతిసారీ అదే బోరు, అదే వేళ. కొలిచాక మూత బిగించి బోల్టు వేయడం మాత్రం మరవకండి. తెరిచి వదిలేసిన బోర్లలో పసివాళ్లు పడిపోతున్నారనే సుప్రీంకోర్టు 2010లో మార్గదర్శకాలు ఇవ్వాల్సి వచ్చింది. నీళ్లు కొలవబోయి ఒక బిడ్డ ప్రాణం మీదికి తెచ్చుకోకూడదు.

నడుస్తున్న బోరుకైతే రెండు వందల లీటర్ల డ్రమ్ము పెట్టి, ఎన్ని సెకన్లలో నిండిందో ఫోనులో చూడండి. యాభై సెకన్లలో నిండితే సెకనుకు నాలుగు లీటర్లు. పదిహేను రోజుల తర్వాత అదే డ్రమ్ముకు ఎనభై సెకన్లు పడితే రెండున్నర లీటర్లే. ‘రెండించుల నీళ్లు పోస్తోంది’ అని కంటితో అనుకునే దానికంటే ఇది గట్టి లెక్క.

వాగుకు ఇంకా తేలిక. వంపు లేకుండా పారే పది మీటర్ల చోటు చూసుకుని, పైనుంచి ఎండు కొబ్బరిపీచు ముక్క వదలండి. నలభై సెకన్లలో దాటితే సెకనుకు పావు మీటరు వేగం. వెడల్పు మూడు మీటర్లు, సగటు లోతు జానెడు, అంటే ఇరవై సెంటీమీటర్లు అనుకుంటే, మూడింటినీ గుణించి అయిదో వంతు తీసేయాలి. పైనీరు అడుగునీటికంటే వడిగా పారుతుంది కాబట్టి ఆ తీసివేత. సెకనుకు 120 లీటర్లు తేలుతుంది. హైస్కూలు పిల్లలు చేయగల లెక్క ఇది. లెక్కల మాస్టారు ఒక్కరు ముందుకొస్తే ఆ వాగుకు తొలిసారి ఒక చలికాలపు చరిత్ర ఏర్పడుతుంది.

బోరు ఎండితే లోతుకు పోదామనే ఆలోచనను మాత్రం గట్టిగా వద్దంటున్నాను. కిందికి పోయినకొద్దీ రాయిలో పగుళ్లు తగ్గుతాయి, నీరు దొరకడం లాటరీ అవుతుంది. దొరికిన నీరు రాయిలో ఏళ్లకేళ్లు నిలిచి ఫ్లోరైడును పట్టుకుని వస్తుంది. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు ప్రాంతంలో ఫ్లోరైడు వల్ల వచ్చే ఫ్లోరోసిస్ జబ్బును వైద్యులు గుర్తించి రాసింది 1937లో. నల్గొండ జిల్లా మర్రిగూడ పరిసరాల్లో వంకరపోయిన కాళ్లతో జీవితమంతా గడిపినవాళ్లను మనం చూశాం. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేనప్పుడు ఒకటిన్నర దాకా ఓర్చుకోవచ్చని ప్రమాణం. లోతు బోరు నీళ్లను పరీక్ష చేయించకుండా పిల్లలకు తాగించకండి.

ప్రభుత్వాలకు రెండు మాటలు. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కొత్త బోర్ల అనుమతికీ, వాగుల్లో ఇసుక తవ్వకాల కట్టడికీ అధికారం ఇచ్చింది. ఇసుకలో మూడో వంతు దాకా ఖాళీయే, ఆ ఖాళీలోనే వాగు తన నీటిని దాచుకుంటుంది. ఇసుక తోడేసిన చోట ఒడ్డు బావుల నీళ్లు కూడా వాగులోకి జారిపోతాయి. ఈ చలికాలం నాలుగు నెలలైనా పారకం తగ్గిన వాగుల్లో తవ్వకం ఆపండి. రెండోది, నవంబరు మట్టం పడిపోయిన ఊళ్ల జాబితాను నాట్లకు ముందే ప్రకటించండి. ఆరుతడి విత్తనాలు ఆ ఊళ్లకే ముందు చేర్చండి, కొనుగోలు హామీ కూడా అప్పుడే ఇవ్వండి. వరికి కొనేవాడున్నాడు, పెసరకూ నువ్వులకూ ఎవడున్నాడని రైతు అడుగుతున్నాడు. ఆ ప్రశ్నకు బదులివ్వకుండా వరి వద్దనే హక్కు ఎవరికీ లేదు.

రాయలసీమ, దక్షిణ కోస్తా వారికి ఈశాన్య రుతుపవనాలు డిసెంబరులో కూడా కాస్త ఆశ పెడతాయి. తుపాను వస్తుందన్న నమ్మకంతో మాత్రం నాటు వేయకండి, కురిశాక కొలిచి నిర్ణయించుకోండి. తెలంగాణలో ఏడాది వానలో చాలా భాగం నైరుతిలోనే వచ్చేసింది కాబట్టి ఇక ఎదురుచూసేది పెద్దగా లేదు. ఆటో స్టార్టరు పెట్టుకున్నవాళ్లు ఈ రోజే దాన్ని తీసేయండి. మీరు నిద్రపోతుండగా కరెంటు ఉన్నంతసేపూ అది మార్చి నెల నీళ్లను జనవరిలోనే తోడేస్తుంది.

రేపు తెల్లవారి అయిదున్నరకు, మోటార్లు ఆడకముందు, తాడూ టేపూ పట్టుకుని వెళ్లండి. పక్క చేను రైతును వెంటబెట్టుకోండి. వచ్చిన అంకెను తేదీతో సహా పంచాయతీ గోడ మీద, అందరికీ కనబడేంత పెద్దగా రాయండి. నారుమడిలో నారు పీకే రోజుకు ముందు ఇంకోసారి కొలిచి, దాని కింద రాయండి.