నమూనా తెచ్చిన చేతికీ పేరుండాలి

హోసూరు, కృష్ణగిరి వైపు మన తెలుగు ఇళ్లలో పెద్ద జబ్బు అనగానే గుర్తొచ్చేది రాయవేలూరు. కృష్ణగిరి నుంచి రెండు గంటల దారి. అక్కడి క్రైస్తవ వైద్య కళాశాల రోగులను బాగుచేసే చోటే కాదు, సూక్ష్మజీవుల పరిశోధనలో మన దేశపు ముఖ్య కేంద్రాల్లో ఒకటి కూడా. ఐడా స్కడర్ 1918లో అక్కడ వైద్య విద్య మొదలుపెట్టింది ఆడపిల్లల కోసమే. మగపిల్లలకు ప్రవేశం దొరికింది 1947లో.

ఆ నేలమీదే డాక్టర్ గగన్‌దీప్ కాంగ్ పసిపిల్లల ప్రాణాలు తీసే రోటావైరస్ విరేచనాలపై ఏళ్ల తరబడి పనిచేశారు. హైదరాబాదులో తయారైన రోటావాక్ టీకాను ఢిల్లీ, పుణే, వేలూరుల్లో సుమారు 6,800 మంది శిశువులపై పరీక్షించారు. 2016లో ప్రభుత్వం ఆ టీకాను మొదట ఇచ్చిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2019లో కాంగ్ లండన్ రాయల్ సొసైటీ ఫెలోగా ఎన్నికయ్యారు. భారతదేశంలో పనిచేస్తూ ఆ గౌరవం పొందిన తొలి మహిళా శాస్త్రవేత్త ఆమే. 1660లో పుట్టిన ఆ సంస్థ 1945 దాకా ఒక్క స్త్రీనీ ఫెలోగా చేర్చుకోలేదు!

ఒక్కరు శిఖరం ఎక్కితే సమానత్వం వచ్చేసినట్టేనా? 1986లో మద్రాసు వైద్య కళాశాల విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల, డాక్టర్ సునీతి సోలమన్ మార్గదర్శకత్వంలో సెక్స్ వర్కర్ల రక్త నమూనాలు సేకరించారు. వాటిని ఇంటి ఫ్రిజ్‌లో దాచి, రైలెక్కి వేలూరు తీసుకెళ్లారు. మన దేశంలో హెచ్‌ఐవీ ఉందని తొలిసారి అలా బయటపడింది. సునీతి గారికి మరణానంతరం 2017లో పద్మశ్రీ వచ్చింది. అది న్యాయమే. కానీ నిర్మల పేరు మనలో ఎందరికి తెలుసు? రక్తమిచ్చిన ఆ స్త్రీలకు మిగిలిందేమిటి? సమాజం వేసిన ముద్ర మాత్రమే.

ప్రియమైన యువతా, మైక్రోబయాలజీ తరగతుల్లో అమ్మాయిలకు కొదువ లేదు. ఎమ్మెస్సీ అయ్యాకే వారు తగ్గిపోతారు. తెలివి చాలక కాదు. "ఇక చదువు చాలు, సంబంధం చూద్దాం" అనే మాట వల్ల. రాత్రి దాకా ల్యాబులో ఉంటే అనుమానించే చూపుల వల్ల. బిడ్డ పుట్టాక చూసుకునేవారు లేక.

ఇవి ప్రయోగశాలలో పుట్టిన అడ్డంకులు కావు, మన ఇళ్లలో, మన సంఘాల్లో పుట్టినవి. కాబట్టి తీసేయాల్సిందీ మనమే. పరిశోధన చేయాలనుకునే అమ్మాయి ఫీజుకు సంఘం చేయూతనివ్వాలి. పెళ్లి మాటల్లో ఆమె పీహెచ్‌డీ గురించి ముందే తేల్చాలి. బిడ్డను ఎత్తుకునే వంతు భర్త కూడా తీసుకోవాలి. సన్మానసభలో శాలువా కప్పడం తేలిక. ఆమెకు ఈ ఐదేళ్ల సమయం ఇవ్వడమే అసలు న్యాయం.