ఒంటినడవ విమానములు - దూరప్రయాణములు

ఖండాంతరములకు బోవు మార్గములలో నింతకాలము ప్రధానముగా రెండు నడవల పెద్దవిమానములే తిరుగుచుండెను. ఇప్పుడా స్థానమును ఒంటినడవ విమానములు క్రమక్రమముగా నాక్రమించుచున్నవి. 2024 నవంబరులో స్పెయిను దేశపు ఐబీరియా సంస్థ మాడ్రిడ్ నుండి బోస్టనునకు ఎయిర్‌బస్ ఏ321 ఎక్స్.ఎల్.ఆర్. అను నూతన విమానమును నడిపినది. అంతకుముందు మున్నూరుమందికి జేరువగా బట్టు విమానములు తిరిగిన యా మార్గమున 182 మందికి మాత్రమే చోటున్న విమానము అట్లాంటిక్ మహాసముద్రమును దాటినది. మన ఇండిగో సంస్థయు 2026 జనవరిలో నీ జాతి విమానముతోనే ముంబయి నుండి ఏథెన్సు నగరమునకు రాకపోకలు ప్రారంభించినది. ఈ మార్పు మనకు మేలో కీడో విచారింపవలసిన సమయము వచ్చినది.

విమానసంస్థల లెక్క స్పష్టమైనది. సగము ఖాళీగా బోవు పెద్దవిమానముకంటె నిండుగా బోవు చిన్నవిమానమే వానికి లాభకరము. వెనుకటి తరపు విమానములతో బోల్చినచో నొక్కొక్క యాసనమునకు నూటికి ముప్పదివంతుల యింధనము కలిసివచ్చునని తయారుచేసినవారు చెప్పుకొనుచున్నారు. ఒక్క పరుగున 8,700 కిలోమీటర్లు పోగలదనియు వారి మాట. పైగా పెద్దవిమానములు కోరినప్పుడు దొరకుటలేదు. 2020లో రావలసిన బోయింగ్ 777 ఎక్స్ విమానము 2025 గడచినను ఏ సంస్థ చేతికిని అందలేదు. కావున దొరకిన విమానముతో వ్యాపారము సాగించుకొనుట సంస్థలకు దప్పనిసరియైనది.

ఒంటినడవ విమానముతో దూరము పోవుట యపూర్వమైన సాహసమేమియు గాదు. 1948 జూన్ 8వ తేదీన ఎయిరిండియా ఇంటర్నేషనల్ వారు బొంబాయి నుండి కైరో, జెనీవాల మీదుగా లండనునకు నడిపిన తొలి విమానము 35 మంది ప్రయాణికులతో బోయినదే. చిన్నవిమానము వలని మేలును మన ప్రాంతము స్వయముగా నెరుగును. 2018 డిసెంబరులో రాష్ట్రప్రభుత్వము నష్టపూచీ వహింపగా విజయవాడ నుండి సింగపూరునకు ఒంటినడవ విమానము బయలుదేరెను. కొన్ని మాసములకే నిలిచిపోయిన యా రాకపోకలు 2025 నవంబరులో మరల మొదలైనవి. మున్నూరు ఆసనముల విమానమే కావలెనన్నచో నట్టి మార్గమును దలపెట్టువారే యుండరు. పెద్దవిమానము మహానగరములనే యెరుగును. చిన్నవిమానము జిల్లాల గడప ద్రొక్కగలదు. భద్రతనుగూర్చి భయపడ నక్కరలేదు. నేటి పెద్దవిమానములలో ననేకములకును రెండే యింజనులు, వీనికిని రెండే.

ఇక రెండవ వైపు చూతము. తొమ్మిదిపది గంటల ప్రయాణమున, వరుసకు ఆరుగురు చొప్పున గూర్చుండి, అందరికిని ఒకే నడవ యున్నచో, అన్నపు బండి వచ్చినంతసేపు ముందువారు వెనుకకును, వెనుకవారు ముందుకును కదలలేరు. కాలు చాపుకొని నాలుగడుగులు నడువవలసిన వృద్ధులకు, పసిబిడ్డల తల్లులకు నిది చిన్న కష్టము గాదు. విదేశములందలి బిడ్డలను జూడబోవు తలిదండ్రులు మన పట్టణములలోను పల్లెలలోను ఎందరో కలరు.

అంతకంటె ముఖ్యమైనది బరువు లెక్క. విమానము మోయగల భారమునకు మితి కలదు. పడమటికి బోవునప్పుడు ఎదురుగాలి బలమైనచో నింధన మెక్కువ కావలెను. ఇంధనము పెరిగినచో మరియేదైనను దిగవలెను. 2011–12 శీతకాలమున ఐరోపా నుండి అమెరికాకు బోవు బోయింగ్ 757 విమానము లనేకము ఎదురుగాలుల వలన నడుమ కెనడాలో దిగి యింధనము నింపుకొనవలసివచ్చినది. 2019 సెప్టెంబరులో ఢిల్లీ నుండి ఇస్తాంబులునకు బోయిన యొక ఒంటినడవ విమానము ప్రయాణికుల సామానంతయు ఢిల్లీలోనే విడిచిపోయెను. ఈ సంగతి వారికి గమ్యము చేరిన పిమ్మటగాని తెలియలేదు. 1999 నాటి మాంట్రియల్ ఒడంబడికలో మన దేశము 2009లో జేరినది; నష్టపరిహార మడుగు హక్కు కలదు. కాని నష్టము జరిగిన పిమ్మటి పరిహారముకంటె నష్టమే లేకుండుట మేలు గదా!

రైతులును వర్తకులును గమనింపవలసిన విషయ మింకొకటి. పెద్దవిమానము ప్రయాణికుల సామానుగాక పది టన్నులకు మించిన సరకును దన పొట్టలో మోయగలదు. ఎక్స్.ఎల్.ఆర్. విమానమున 12,900 లీటర్ల యదనపు తొట్టి యా సరకుగదిలోని చోటునే యాక్రమించినది. కోసిన మామిడి రేవునకు బోయి యోడకై వేచియుండజాలదు. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన బంగినపల్లికి గాని, హైదరాబాదులో దయారగు మందులకు గాని, పరదేశపు విపణి విమానపు పొట్టలోని చోటుపై నాధారపడియున్నది. పైగా మామిడికాలము మండువేసవి. వేడిగాలిలో విమానము మోయు బరువు మరింత తగ్గును. టిక్కెట్టు కొన్నవాడు విమానమెక్కును. తోటవాని పెట్టె మాత్రము నేలనుండును.

కావున మేము చిన్నవిమానములు వలదనుటలేదు. పొదుపు సంస్థదియు, దాని భారము ప్రయాణికునిదియు, రైతుదియు గారాదని మాత్రము చెప్పుచున్నాము. పౌరవిమానయానశాఖవారు మూడు నియమములు చేయవలెను. రొక్కము పుచ్చుకొనుటకు ముందే యే జాతి విమానమో, ఎంత సామాను తప్పక వెంట వచ్చునో తెలుపవలెను. గాలులు బలముగానుండు మాసములలో సామాను దింపుటకు మారుగా ఆసనములనే తక్కువగా నమ్మవలెను. ఏ మార్గమునుండియైనను పెద్దవిమానమును దీసివేయుచో నచ్చటి సరకునకు వేరుదారి చూపవలెను. మన సంస్థలు చూపలేనిచో విదేశపు పెద్దవిమానములకైన నవకాశ మీయవలెను.

ఒంటినడవ విమానము లేని దారిని వేయవలెను గాని, యున్న దారిని ఇరుకు చేయరాదు. ఈ భేదమును బాటించినచో నీ మార్పు దేశమునకు లాభమగును. పాటింపనిచో సంస్థల లెక్కలలో మాత్రమే లాభముగా మిగులును.