పంది ఎవరిది? పంట ఎవరిది?

అరణ్యపర్వంలో కిరాతార్జునుల కలహానికి మూలం ఒక పంది. మూకుడనే దానవుడు పంది రూపున వచ్చాడు, ఇద్దరి బాణాలూ తగిలాయి, వేట నాదంటే నాదని ఇద్దరూ తగవుపడ్డారు. నన్నయ భారతంలో చూచినా, శ్రీనాథుని హరవిలాసంలో చూచినా తగవు ఆ ఇద్దరి మధ్యనే. మూడవవాడొకడు వచ్చి “పంది మీలో ఎవరిదీ కాదు, సర్కారుది” అనగలడని ఏ కవికీ తోచలేదు. 1972లో మన పార్లమెంటుకు తోచింది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 39వ సెక్షను ప్రకారం వేటలో పడిన అడవిపంది, చచ్చి దొరికిన అడవిపంది ప్రభుత్వపు సొత్తు. చచ్చిన పందికి యజమాని ఉన్నాడు. బ్రతికి ఉన్నన్నాళ్లు అది చేసే నష్టానికి మాత్రం యజమాని పోడు రైతే.

సీలేరు ఒడ్డున డొంకరాయి అనగానే మైదానంలోని మనకు ఆనకట్ట, ఇరవై అయిదు మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం జ్ఞాపకం వస్తాయి. ఆ చుట్టుపట్ల కొండవాలుల మీద కొండరెడ్లు, కోయలు సామ, కొర్ర, చోడి, జొన్న, కంది కలిపి పండించుకొనే పోడు చెలకలు చాలమంది ఎరుగరు. పంట కంకి తొడిగినది మొదలు ఇంటికి చేరేవరకు మంచె మీద రాత్రి కాపలా తప్పదు. నెగడు వేయవలె, డబ్బాలు మోగించవలె, కేకలు పెట్టవలె. ఒక్క రాత్రి కన్ను మూతపడితే చాలు, మంద దిగుతుంది. పంది తిన్నది కొంత, త్రొక్కినది కొంత, మోరతో పెళ్లగించినది మరికొంత. ఆడపంది ఈతకు నాలుగైదు పిల్లలు తక్కువ కాకుండా పెడుతుంది. పులి పలుచబడిన అడవిలో వాటి సంతతికి అడ్డేమున్నది?

చట్టంలో దారి లేదని అనను. 11వ సెక్షనులో స్పష్టంగా ఉన్నది. రెండవ షెడ్యూలులోని జంతువు మనుష్యుల ప్రాణానికి గాని, ఆస్తికి గాని, నిలిచి ఉన్న పైరుకు గాని ప్రమాదకరమైనదని తృప్తిపడితే, ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడో, ఆయన అధికారమిచ్చిన ఉద్యోగియో, కారణాలు వ్రాసి, ఫలానా ప్రాంతంలో వేటకు ఎవరికైనా అనుమతి ఇవ్వవచ్చును. 2022 నాటి సవరణతో అడవిపంది ఈ రెండవ షెడ్యూలులోనే చేరింది. “నిలిచి ఉన్న పైరు” అన్న మాట చేర్చినవారు రైతును ఎరిగినవారే. కాని ఆ మాట కాగితం మీద నుంచి కొండ మీదికి ఎక్కేదెట్లా? కొండరెడ్డి అర్జీ వ్రాయించుకోవలె. అది రేంజరు కచ్చేరీ దాటి పైకి పోవలె. పైవారికి తృప్తి కలగవలె. ఉత్తరువు క్రిందికి దిగవలె. అప్పటికి సామ కోతలు అయిపోతాయి. కోయడానికేమైనా మిగిలితేనే అనుకోండి. ఉత్తరువు వేళకే వచ్చినా 1959 నాటి ఆయుధ చట్టం కింద లైసెన్సు పొందిన తుపాకి ఆ గూడెంలో ఎవరి ఇంట ఉన్నది? అనుమతి లేకుండా ఉచ్చు పన్నితే అదీ వేటయే. మూడేండ్ల వరకు జైలు.

ఆస్ట్రేలియాలో కంగారూలు పచ్చికబయళ్లను మేసి గొర్రెలకు గడ్డి లేకుండా చేస్తున్నవని భూస్వాములు మొరపెడతారు. అక్కడి రాష్ట్ర ప్రభుత్వాలు వారికి లైసెన్సులు ఇస్తాయి. ఎన్నింటిని చంపవచ్చునో లెక్క కడతాయి. బాధ లేకుండా ఎట్లా చంపవలెనో, తల్లి సంచిలోని పిల్లను ఏమి చేయవలెనో నియమావళి వ్రాసిపెట్టాయి. అది క్రూరమని అక్కడా వాదించేవారున్నారు. నేను ఆ వాదంలోకి పోను. నాకు గమనింపదగినదిగా తోచినది ఒక్కటే: అక్కడ అనుమతి భూమిని అంటిపెట్టుకొని ఉంటుంది. భూమి కలవాడు అడుగుతాడు, ఆ భూమికి ఇస్తారు. మన పోడు రైతు “భూమి కలవాడు” అనిపించుకోవడానికే ఎన్ని తరాలు పట్టింది! 1879 రంప పితూరీ, 1922లో అల్లూరి సీతారామరాజు పోరాటం, రెంటి వెనుకా అడవిపై దొరతనం పెట్టిన ఆంక్షల బాధ ఉన్నది. చివరకు 2006 అటవీహక్కుల చట్టం పోడుకు పట్టా ఒప్పుకొన్నది. అదే చట్టం, సంప్రదాయ హక్కులన్నీ లెక్కించిన ఉపవాక్యంలోనే, వేట హక్కును మాత్రం వెలిగా పెట్టింది. అరకు, పాడేరు వైపు చైత్రంలో ఇటుకల పండుగకు మగవారు వేటకు పోవడం ఆచారం. ఆ ఆచారం నేడు పండుగగా నిలిచి నేరంగా మారింది.

వేట హక్కు తిరిగి ఇవ్వమని అడగడం లేదు. ఉచ్చుకు కన్నులుండవు; పందికని పన్నినదానిలో కణుజు పడవచ్చు, చిరుత పడవచ్చు. పులికి పంది ఆహారమన్న సంగతి పాపికొండల జాతీయవనం అంచున నివసించేవారికి మనం చెప్పనక్కరలేదు. కాని అనుమతి అందని చోట మనుష్యుడు చేతులు ముడుచుకొని కూర్చుంటాడనుకోవడం అమాయకత్వం. పొలం చుట్టూ కరెంటు తీగ చుడతాడు, నాటుబాంబును ఎరలో పెడతాడు. ఆ తీగకు పందులే కాదు, తెల్లవారుజామున పొలానికి పోయే మనుష్యులూ మన రాష్ట్రంలో బలి అవుతూనే ఉన్నారు. దుర్లభమైన అనుమతి జంతువులను కాపాడడం లేదు. చావును చాటుకు నెడుతున్నది, లెక్కకు అందకుండా చేస్తున్నది.

పందిని చీడజంతువుగా ప్రకటించడం మరొక మార్గం. 62వ సెక్షను కింద కేంద్రం 2015లో బీహారుకు, 2016లో ఉత్తరాఖండుకు కొన్ని జిల్లాలలో అట్లు ప్రకటించింది. గడువున్నంతవరకు ఆ ప్రాంతంలో దానికి ఏ రక్షణా లేదు. అది నాకు సమ్మతం కాదు. ఎవరు చంపినారో, ఎన్ని చంపినారో అడిగేవాడు లేని వెసులుబాటు గూడెం వారికన్న పట్నం నుంచి జీపులలో వచ్చే సరదా వేటగాళ్లకే ఎక్కువ ఉపకరిస్తుంది.

కేరళ 2022లో వేరొక త్రోవ పట్టింది. పంటలను, మనుష్యులను బాధించే అడవిపందులపై ఉత్తరువు ఇచ్చే అధికారాన్ని స్థానికసంస్థల అధ్యక్షులకు అప్పగించింది. విషం, పేలుడు, విద్యుత్తు వాడరాదన్నది. చట్టం మారలేదు, 11వ సెక్షనూ మారలేదు. సంతకం చేసే చేయి మాత్రం పొలానికి దగ్గరైంది. మన్యంలో ఆ చేయి సర్పంచిది కన్న గ్రామసభది కావడం మేలు. 1996 పెసా చట్టం గ్రామసభకు గౌరవమిచ్చింది. పని కూడ ఇవ్వవలె. సభ కూర్చొని, ఫలానా వాలులో ఫలానా నెలలో ఇన్ని పందులకు మించకుండా అని వ్రాయవలె. లైసెన్సు తుపాకి లేని చోట అటవీశాఖ మూడు రోజులలో తన మనిషిని పంపవలె. పంపలేకపోతే ఆ పంట నష్టం మొత్తం శాఖ ఖాతాలో పడవలె. పిల్లల తల్లిని కొట్టరాదన్న నియమం గిరిజనునికి కొత్తగా నేర్పనక్కరలేదు, అయినా వ్రాసి ఉంచడం మంచిది.

ఇక కొట్టిన పంది మాట. కేరళలో కళేబరాన్ని పూడ్చిపెట్టమన్నారు. రాత్రులు మేలుకొని, పంట సగం పోగొట్టుకొన్న ఇంటివాని చేత, వాడి కళ్లెదుట అంత మాంసం గోతిలో వేయించి మన్ను కప్పించడం ఏమి న్యాయమో నాకు బోధపడదు. పంచనామా వ్రాసి, లెక్కలో ఎక్కించి, గ్రామసభకు ఒప్పగిస్తే చాలదా? దానికి 39వ సెక్షను సవరించవలసి వస్తుంది. 2022లో చట్టం తెరిచి షెడ్యూళ్లన్నీ తిరుగవేసినవారికి అదేమంత పెద్దపని కాదు.