సిపాయి బిడ్డ బి.ఎ. చదివితే?

మన సైన్యంలో సిపాయిలు చాలామంది నలభై ఏళ్లకు అటూ ఇటూగా పదవీ విరమణ చేస్తారు. అప్పటికి పిల్లలు కాలేజీ గడప దగ్గర ఉంటారు. ఇంటికి వచ్చే పెన్షను జీతంలో సగమే. కనుక మాజీ సైనికుల బిడ్డల చదువుకు సర్కారు ఇచ్చే సాయాన్ని ఎవరూ ఖైరాతుగా చూడరాదు. అది వారి హక్కు.

2025 అక్టోబరులో రక్షణ శాఖ ఒక మంచి పని చేసింది. హవల్దారు, అంతకు దిగువ హోదాలో రిటైరైనవారి పిల్లలు ఇద్దరికి ఒకటో తరగతి నుంచి డిగ్రీ దాకా ఇచ్చే సహాయాన్ని ఒక్కొక్కరికి నెలకు 1000 నుంచి 2000 రూపాయలకు పెంచింది. హర్షించదగిన నిర్ణయం.

మరి ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ సంగతి? నెలకు ఆడపిల్లలకు 3000, మగపిల్లలకు 2500 రూపాయలు. దేశం మొత్తంలో ఏటా 5500 మందికే. అదీ ఇంజనీరింగు, వైద్యం, బి.ఇడి. వంటి వృత్తి కోర్సులకే, అర్హత పరీక్షలో 60 శాతం మార్కులుంటేనే. సుబేదారు కూతురు తెలుగో, ఉర్దూయో, చరిత్రో తీసుకుని బి.ఎ. చదివితే ఈ రెండింటిలో ఏదీ అందదు. ఆ చదువులు లేనిదే రేపు మన బడుల్లో పాఠం చెప్పేదెవరు?

సాధారణ డిగ్రీలకూ ఈ స్కాలర్‌షిప్ వర్తింపజేయాలని, సంఖ్య పెంచాలని మేము కోరుతున్నాము.

పాఠకులకూ ఒక మాట. మీ మొహల్లాలో మాజీ సైనికుడి వితంతువు ఉంటే, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి తోడు వెళ్లండి. దరఖాస్తు నింపడం తెలియక ఏ బిడ్డ చదువూ ఆగరాదు.