ఆరు పెట్టెల ప్లాట్‌ఫారం, మూడు పెట్టెల రైలు

హైదరాబాద్ మెట్రో మాట ఎత్తితే చాలు, మన పాలకులు కిలోమీటర్ల లెక్క మొదలుపెడతారు. రెండో దశలో 76.4 కిలోమీటర్లు, ఐదు కారిడార్లు, 24,269 కోట్ల రూపాయలు. అది చాలదన్నట్టు అటొక కొమ్మ, ఇటొక కొమ్మ. ఈ వారం కూడా ఆ కిలోమీటర్ల మాటే చెవిన పడింది, ఒళ్లు మండింది. ఉన్న 69 కిలోమీటర్ల మీద పొద్దున తొమ్మిదింటికి కాలు మోపే చోటు దొరకని మనిషి, రేపెప్పుడో వచ్చే 76 కిలోమీటర్ల కబురు విని ఏం చేసుకోవాలి?

అమీర్‌పేట చూసినవాళ్లకు వర్ణించనక్కర్లేదు. మియాపూర్ వైపు నుంచి వచ్చినవాళ్లూ, ఎల్బీనగర్ వైపు నుంచి వచ్చినవాళ్లూ అక్కడే దిగి రాయదుర్గం రైలుకోసం పరుగెడతారు. ఆ రైలు నాగోలు, ఉప్పల్, సికింద్రాబాద్ జనాన్ని మోసుకుని అప్పటికే కిక్కిరిసి వస్తుంది. తలుపు తెరుచుకుంటే నలుగురు దిగుతారు, నలభై మంది ఎక్కాలని చూస్తారు. భుజాన లాప్‌టాప్ సంచీ ఉన్న కుర్రాడు ఎలాగో ఇరుక్కుంటాడు. చంటిపిల్లను ఎత్తుకున్న తల్లి, మోకాళ్ల నొప్పుల పెద్దాయన వెనక్కి తగ్గుతారు. రద్దీ వేళల్లో అమీర్‌పేట, రాయదుర్గం మధ్య అదనపు ట్రిప్పులు తిప్పుతున్నారు. మంచిదే, కాదనను. కానీ ఆ రైలు ఆగినప్పుడు ఒక్కసారి ప్లాట్‌ఫారం రెండు చివరలూ చూడండి. రైలు ఆనని ఖాళీ జాగా అటూ ఇటూ కనిపిస్తుంది.

ఆ జాగా అక్కడ ఊరికే లేదు. మన స్టేషన్లు ఆరు పెట్టెల రైలు ఆగేలా కట్టినవి. నడుస్తున్నవి మూడు పెట్టెల రైళ్లు. 2017 నవంబరులో మియాపూర్, నాగోలు మధ్య మొదలైనప్పుడు మూడుతో సరిపెట్టుకోవడం అర్థం చేసుకోదగ్గదే. తర్వాత 2018 సెప్టెంబరులో ఎల్బీనగర్ దాకా, 2019లో హైటెక్ సిటీ, రాయదుర్గం దాకా, 2020 ఫిబ్రవరిలో జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా లైన్లు వచ్చాయి. 2023 జులైలో ప్రయాణికులు రోజుకు ఐదు లక్షలు దాటారు. రైలు మాత్రం మూడు పెట్టెల దగ్గరే ఉండిపోయింది. 2002లో నాలుగు పెట్టెలతో మొదలైన ఢిల్లీ ఎనిమిదికి వెళ్లింది. బెంగళూరు మనలాగే మూడుతో మొదలుపెట్టి 2018 నుంచి ఆరుకు మారుతూ వచ్చింది. మనకేం తక్కువైంది?

నన్ను మరీ బాధపెట్టేది ఇంకొకటి ఉంది. సీబీటీసీ అనే సిగ్నల్ వ్యవస్థను దేశంలో మొదట తెచ్చుకున్న మెట్రో మనదే. తొంభై సెకన్లకొక రైలు నడపగల ఏర్పాటది. అంత పనితనం పట్టాల పక్కన ఉంది, ప్లాట్‌ఫారం పొడవు ఉంది, జనం ఉన్నారు. రైళ్లు 57, పెట్టెలు 171. కథంతా అక్కడే ఆగిపోతోంది.

మొదటి దశ నాటి అంచనాల్లో 2024 కల్లా రోజుకు 22 లక్షల మంది ఎక్కుతారన్నారు. ఎక్కుతున్నది ఐదు లక్షలకు కాస్త అటూ ఇటూ. ఈ తేడా చూపించి, హైదరాబాదీ సొంత బండి వదలడని తేల్చేవాళ్లున్నారు. 2023 డిసెంబరులో మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమయ్యాక మెట్రో గిరాకీ పడిపోయిందని ఇంకొందరు అంటున్నారు. బస్సు వల్ల కొంత తగ్గి ఉండొచ్చు. కూలికి వెళ్లే మనిషి టికెట్ డబ్బులు మిగుల్చుకుంటే దాన్ని నష్టమని ఎలా అంటాం? రద్దీ వేళ రైలు నిండే పోతోంది కదా, అందులో ఇంకెవరు పడతారు? ఎక్కలేక వెనుదిరిగి బైకు తీసినవాడు ఏ లెక్కలోకీ రాడు. చోటు పెంచకుండానే 2025 మేలో చార్జీలు పెంచారు. కనిష్ఠం, గరిష్ఠం పదీ అరవై రూపాయలుగా ఉన్నవి పన్నెండూ డెబ్బై ఐదు అయ్యాయి, జనం గోల పెడితే పదకొండూ అరవై తొమ్మిదికి దిగాయి.

డబ్బు లేదంటారా? 2012లో ఈ 171 పెట్టెలకు కుదిరిన ఒప్పందం సుమారు 1,800 కోట్లది. ప్రతి రైలునూ ఆరు పెట్టెలు చేయాలంటే మళ్లీ 171 కావాలి. ధర రెట్టింపయిందనుకున్నా 3,600 కోట్లు, రెండో దశ అంచనాలో ఆరో వంతుకు లోపు. డిపోల్లో నిలిపే చోటు, కరెంటు ఏర్పాట్లు పెంచాల్సి వస్తుంది, ఆ ఖర్చు వేరే. అయినా కొత్త భూసేకరణ లేదు, కూల్చాల్సిన ఇళ్లు లేవు, కోర్టు స్టేలు లేవు. ఆర్డరిచ్చి, పెట్టెలు తెచ్చి, తగిలించి నడపడమే.

ఇన్నాళ్లూ ఎందుకు జరగలేదో అందరికీ తెలుసు. ఈ మెట్రోను ప్రైవేటు భాగస్వామ్యంలో కట్టారు. భూములు, మాల్స్ మీద వచ్చే ఆదాయంతో రైలు నడిచిపోతుందని లెక్క వేశారు. 2008లో మేటాస్ సంస్థ ప్రభుత్వ సాయం అక్కర్లేదు సరికదా, తానే 30,311 కోట్లు ఎదురిస్తానంటే మన పెద్దలు మురిసిపోయారు. భూములు అలా అప్పగించడం తగదని ఢిల్లీ మెట్రో కట్టిన శ్రీధరన్ గారు అప్పుడే ప్రణాళికా సంఘానికి రాశారు. వినలేదు సరికదా ఆయన మీదే విరుచుకుపడ్డారు. మేటాస్ యజమానుల కుటుంబానిదే అయిన సత్యం కంపెనీ కుంభకోణం బయటపడ్డాక ఆ బేరం కూలింది, 2010లో ఎల్ అండ్ టీ వచ్చింది. ఆ సంస్థ మెట్రో నడిపి 2024-25లో నష్టపోయింది సుమారు 626 కోట్లు. అప్పుల వడ్డీ కడుతూ నష్టాల్లో ఉన్న సంస్థ కొత్త పెట్టెల మీద వందల కోట్లు పెడుతుందని ఎవరు ఆశించారు? అది వ్యాపారం, దాని లెక్క దానిది. తప్పు లెక్క మీద నగరాన్ని కట్టబెట్టినవాళ్లనే నేను అడుగుతున్నాను.

2025 సెప్టెంబరులో ఆ సంస్థ తప్పుకుంటానంది. సుమారు 13,000 కోట్ల అప్పు నెత్తిన పెట్టుకుని, ఇంకో 2,000 కోట్లు ఇచ్చి మెట్రోను తీసుకోవడానికి రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకుంది. ప్రభుత్వం చేతికి రావడం మంచిదనే నా అభిప్రాయం. కాకపోతే ఇకమీదట ప్రైవేటు కంపెనీని చూపించి తప్పించుకునే వీల్లేదు. పెట్టెల ఆర్డరు ఏ నెలలో, మొదటి ఆరు పెట్టెల రైలు ఏ నెలలో, ఈ రెండు తేదీలూ చెప్పకుండా కొత్త కారిడార్ శంకుస్థాపనకు వెళ్లడం అన్యాయం.

ఇదంతా ఒక ఎత్తు, ఎంఎంటీఎస్ ఒక ఎత్తు. ఈ శీర్షికలో ఎన్నిసార్లు రాసినా నాకు తనివి తీరని విషయమిది. మెట్రోకు పద్నాలుగేళ్లు ముందు, 2003 ఆగస్టులో వచ్చిన లోకల్ రైలు. టికెట్ ఐదు రూపాయల నుంచి మొదలు. ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు, అపార్టుమెంట్ల వాచ్‌మెన్లు, కాలేజీ పిల్లలు, చిన్న ఉద్యోగులు దాన్ని నమ్ముకుని ఇల్లు అద్దెకు తీసుకున్నారు. కోవిడ్‌కు ముందు రోజుకు 121 సర్వీసులు తిరిగేవి, లక్షన్నర మందికి పైగా ఎక్కేవారు. 2020 మార్చిలో ఆపి, పదిహేను నెలల తర్వాత 2021 జూన్‌లో పది సర్వీసులతో మళ్లీ మొదలుపెట్టారు. పాత లెక్క మళ్లీ చేరనే లేదు. మెట్రోకు మూడు పెట్టెలైతే దీనికి పన్నెండు పెట్టెల రైళ్లున్నాయి. కానీ ఎప్పుడొస్తుందో తెలియదు. ఒకటి తప్పితే ఇంకొకదానికి గంటకు పైగా కాచుకోవాల్సిన రైలును నమ్ముకుని ఉద్యోగానికి ఎవరు వెళ్తారు? జనం రాకపోయేసరికి ఆక్యుపెన్సీ లేదని ఉన్న సర్వీసులు కోస్తారు. కోశాక ఇంకా రారు.

ఎంఎంటీఎస్ రెండో దశ పేరుతో మేడ్చల్ దాకా, ఉందానగర్ దాకా, ఘట్‌కేసర్ దాకా లైన్లు వేశారు. ఖర్చులో మూడింట రెండు వంతులు రాష్ట్రానివి. ఆ వాటా ఇవ్వలేదని రైల్వే, పని చేయలేదని రాష్ట్రం ఏళ్ల తరబడి వాదులాడుకున్నాయి. 2024 మార్చిలో మౌలాలి, సనత్‌నగర్ మధ్య కూడా తెరిచారు. సుచిత్ర, భూదేవినగర్, అమ్ముగూడ, నేరేడ్‌మెట్‌లలో కొత్త స్టేషన్లు లేచాయి. అందంగా ఉన్నాయి. వాటి ముందు ఆగే రైళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

పాతబస్తీ మాట చెప్పాలి. ఫలక్‌నుమా దాకా రావాల్సిన మెట్రో 2020లో ఎంజీబీఎస్ దగ్గరే ఆగింది. 2024 మార్చిలో మళ్లీ శంకుస్థాపన జరిగింది. అటు డబీర్‌పురా, యాకుత్‌పురా, ఉప్పుగూడ, ఫలక్‌నుమాలలో ఎంఎంటీఎస్ స్టేషన్లు ఇరవై ఏళ్లుగా ఉన్నాయి. మెట్రో కట్టేదాకా ఆ ప్రాంతం ఎదురుచూడక్కర్లేదు. పట్టా ఉంది, స్టేషన్ ఉంది, కరెంటు తీగ ఉంది. పావుగంటకొక రైలు నడిపితే పాతబస్తీకి రేపే లోకల్ రైలు వచ్చినట్టు.

ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్సులు అదే పట్టాల మీద నడుస్తాయి గనుక లోకల్‌కు దారి లేదని రైల్వే ఎప్పుడూ చెప్పే జవాబు. అది నిజమే, కానీ సగమే. సికింద్రాబాద్ మీద భారం తగ్గించడానికే 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ తెరిచారు. అక్కడికి రైళ్లు మారిన కొద్దీ ఖాళీ అయిన వేళల్లో ఎన్ని ఎంఎంటీఎస్‌కు ఇచ్చారు? ఇది చెప్పమని మన ఎంపీలు ఎందుకు గట్టిగా పట్టుబట్టరు?

మెట్రో, ఎంఎంటీఎస్, ఆర్టీసీ ఒకదానికొకటి అందేలా చూడటానికి ఉమ్టా అనే సంస్థ 2008 నుంచీ చట్టంలో ఉంది. హైటెక్ సిటీ అని మెట్రోకూ స్టేషన్ ఉంది, ఎంఎంటీఎస్‌కూ ఉంది. దిగి రెండోదానికి నడిచి వెళ్లాలంటే ఆ ఎండలో, ఆ ట్రాఫిక్‌లో అయ్యే పని కాదు. ఖైరతాబాద్‌లో, భరత్‌నగర్‌లో రెండూ దగ్గరదగ్గరగానే ఉన్నాయి. అక్కడైనా కప్పున్న నడకదారి వేసి, రెంటికీ ఒకే టికెట్ ఇచ్చి, రైళ్ల వేళలు కలిపితే అమీర్‌పేట మీద భారం ఈ ఏడాదే కొంత దిగుతుంది. మెట్రోకు కొత్త పెట్టెలు వచ్చేసరికి ఎలాగూ రెండు మూడేళ్లు పడుతుంది. ఈలోపు లింగంపల్లి, సికింద్రాబాద్, ఫలక్‌నుమా మధ్య ఆ 121 సర్వీసులు తిరిగి ఇవ్వండి.