నవ్వాలో ఏడవాలో తెలియలేదట!

అలెగ్జాండర్ పేన్ దర్శకత్వంలో 2002లో వచ్చిన ‘అబౌట్ ష్మిట్’ అనే అమెరికా చిత్రంపై ప్రేక్షకులు మోపే అభియోగాలు రెండు: కథ కదలదు, నవ్వాలో ఏడవాలో తెలియదు. రెండూ నాకు సమ్మతం కావు.

ఒమాహా నగరంలో బీమా సంస్థ ఉద్యోగి వారెన్ ష్మిట్ పదవీ విరమణ చేస్తాడు. తన స్థానంలో వచ్చిన యువకునికి సందేహాలుంటే తీరుద్దామని పాత కార్యాలయానికి వెళ్తాడు. అతడు మర్యాదగా సాగనంపుతాడు. క్రిందికి వస్తే, తాను భద్రపరచి వచ్చిన దస్త్రాలు చెత్త ప్రక్కన! ఇంకేమి కదలాలి కథ?

నా విరమణనాడు బీరువా తాళంచెవి మాత్రం అడిగి పుచ్చుకొన్నారు. ముప్పై యేళ్ళు వ్రాసుకొన్న ఛందస్సు పాఠాలను ఎవరూ అడుగలేదు. ఇప్పుడు వాటి ఖాళీ పుటలలో మా మనుమడు క్రికెట్ స్కోరు వ్రాస్తున్నాడు. ఈ మాట చెబితే అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను, కొంచెం ఆలస్యంగా.

హాస్యకరుణలు పరస్పర విరోధులని ఆలంకారికులు చెప్పినది నేనూ తరగతిలో వల్లించినవాడనే. వార్ధక్యంలో ఆ విరోధం నిలువదు. భార్యపై ఫిర్యాదులనూ, ఆమె పోయిన పిదప తన ఒంటరితనాన్నీ ష్మిట్ ఎవరికి వ్రాస్తాడు? టాంజానియాలో ఉన్న, తానెన్నడూ చూడని ఆరేళ్ళ బాలునికి! అది హాస్యం. చెప్పుకొనేందుకు వేరెవరూ లేకపోవడం కరుణ. ఉత్తరాలు మాత్రం అవే. చివరకు ఆ పిల్లవాడు వేసిన బొమ్మ చేతికందినప్పుడు ష్మిట్ కన్నీరు పెట్టుకొంటాడు. ఆ కన్నీటిలోనే చిరునవ్వు.

అది ఏ రసమో తేల్చి చెప్పమనేవారు, తమ విరమణ దాకా ఓపిక పట్టవలసిందని మనవి.