వాగు నీటిలో ఆక్సిజన్ అంచనా: రాత్రి కొలతలు లేని లెక్క చాలదు

మురుగు కలిసిన ప్రవాహంలో కరిగిన ఆక్సిజన్ ఎక్కడ కనిష్ఠ స్థాయికి చేరుతుందో అంచనా వేయడానికి, ఒహాయో నది అధ్యయనం ఆధారంగా స్ట్రీటర్, ఫెల్ప్స్ 1925లో ప్రకటించిన సమీకరణమే నేటికీ మూలాధారం. వ్యర్థాలను కుళ్లబెట్టే సూక్ష్మజీవులు ఆక్సిజన్‌ను వినియోగిస్తాయి. గాలి నుండి కొంత తిరిగి చేరుతుంది. ఈ రెండింటి తేడాయే ఆ లెక్క.

అయితే 20 డిగ్రీల సెల్సియస్ వద్ద నిర్ణయించిన గుణకాలను మన వాగులకు యథాతథంగా వర్తింపజేయరాదు. సాధారణంగా వాడే సవరణ ప్రకారం 30 డిగ్రీల వద్ద వినియోగ రేటు సుమారు 58 శాతం పెరుగుతుంది. గాలి నుండి చేరే రేటు 27 శాతమే పెరుగుతుంది. పైగా నీరు ఇముడ్చుకోగల ఆక్సిజన్ లీటరుకు 9.1 నుండి 7.6 మి.గ్రా.కు తగ్గుతుంది.

స్థలభేదమూ ముఖ్యమే. హైదరాబాద్ దిగువన మూసీపై ఉన్న కత్వల వెనుక నీరు నిలుస్తుంది; కత్వ దాటి దూకేటప్పుడు దానిలో గాలి కలుస్తుంది. కనుక నది పొడవునా ఒకే గుణకం చెల్లదు.

అంతకన్నా పెద్ద లోపం కొలిచే వేళలో ఉంది. పోషకాలు మెండుగా ఉన్న నీటిలో నాచు పగలు ఆక్సిజన్‌ను విడుదల చేస్తుంది; రాత్రి తానే వినియోగిస్తుంది. మధ్యాహ్నపు కొలతలతో మాత్రమే సరిచూసిన గణిత నమూనా తెల్లవారుజామున చేపలు చనిపోయే ప్రమాదాన్ని పసిగట్టలేదు.

కాబట్టి విద్యార్థుల పరిశోధనలో వేసవిలో కనీసం ఒకసారైనా 24 గంటల కొలతలు తప్పనిసరి కావాలి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మత్స్య సంపదకు నిర్దేశించిన కనిష్ఠ స్థాయి లీటరుకు 4 మి.గ్రా. వాగు నీటిని చెరువులోకి మళ్లించవచ్చని రైతుకు చెప్పే ముందు విస్తరణ శాస్త్రవేత్త అడగవలసిన మొదటి ప్రశ్న: ఈ అంకె ఏ వేళ కొలిచినది?